జర్మన్ పోలీస్ సిరీస్‌లలో ఏది చూడాలి? ముందు ఊరిని ఎంచుకోండి

పోయిన అక్టోబర్‌లో మా పిన్ని కొడుకు మాస్టర్స్ చదవడానికి జర్మనీ వచ్చాడు. వచ్చిన మూడో వారమే ఫోన్ చేసి, "అన్నా, ఆదివారం వస్తే మా ఫ్లాట్‌లో జర్మన్ పిల్లలందరూ టాటోర్ట్ టాటోర్ట్ అంటూ టీవీ ముందు కూర్చుంటున్నారు, దాని ఎపిసోడ్ వన్ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. నవ్వు ఆగలేదు నాకు, ఎందుకంటే ఎనిమిదేళ్ల కింద నేనూ అచ్చం ఇదే వెతుకుతూ ఒక శనివారం మొత్తం పాడుచేసుకున్నాను.

ఎపిసోడ్ వన్ ఉంది, లేదని కాదు. 1970 నవంబర్ 29న వచ్చింది, 'తాక్సీ నాహ్ లైప్‌త్సిష్' దాని పేరు, లైప్‌జిగ్‌కి టాక్సీ అన్నమాట. కానీ ఆ తర్వాత రెండోది, మూడోది అని వరసపెట్టి పోదామంటే ఇప్పటికి 1,300 దాటాయి, ఒక్కోటీ గంటన్నర, రోజుకొకటి చొప్పున కూర్చున్నా మూడున్నరేళ్లు పడుతుంది. అయినా వరసగా చూసి లాభమేమీ లేదు. టాటోర్ట్ మనం అనుకునే అర్థంలో సిరీసే కాదు, అది ఆదివారం రాత్రి 8:15కి ఒక స్లాట్. ఈ వారం మ్యూనిక్ పోలీసులు వస్తారు, వచ్చే వారం కొలోన్ వాళ్లు, ఆ పై వారం వియన్నా వాళ్లు. హీరోలు వేరు, డైరెక్టర్లు వేరు, కథ నడిపే పద్ధతి వేరు, అన్నింటినీ కలిపేది ఆ పేరూ ఆ టైటిల్ మ్యూజిక్కూ మాత్రమే. దీన్ని వేసే ఏఆర్‌డీ అనేది ప్రాంతీయ చానళ్ల కూటమి. మన దూరదర్శన్‌లో హైదరాబాద్ కేంద్రం, విజయవాడ కేంద్రం, చెన్నై కేంద్రం తలా ఒక పోలీస్ జట్టుని తయారుచేసుకుని, ఒకే పేరు కింద వంతులవారీగా వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదే ఇది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ చానళ్లు కూడా అందులో చేతులు కలిపాయి.

కాబట్టి టాటోర్ట్ బాగుంటుందా అని అడిగితే జవాబు లేదు. ఏ ఊరి టాటోర్ట్ అని అడగాలి. అసలు మీకు టాటోర్టే కావాలా, లేక దాని పక్కన ఉన్న వేరేదా అన్నది ఇంకో ప్రశ్న, దానికి మీకు జర్మన్ ఎంత వచ్చు, చూడ్డానికి ఎంత టైముంది, ఇంట్లో పిల్లలున్నారా అన్న మూడూ తెలిస్తే చాలు. రేటింగులు చూసి ఎంచుకోవద్దు, ఎందుకంటే జర్మన్లు నెత్తిన పెట్టుకునేవి కొన్ని మనకి మొదటి వారంలో అస్సలు ఎక్కవు.

ముందే ఒక చిన్న అడ్డంకి తీసేస్తాను. వీటన్నిటిలో హీరోని 'కొమిసార్' అంటారు, వినగానే మనకి సిటీ పోలీస్ కమిషనర్ గుర్తొస్తాడు, ఇంత పెద్ద ఆఫీసరు ఒక్కడే వచ్చి మెట్ల మీద కూర్చుని పక్కింటి ముసలమ్మని ప్రశ్నలడుగుతాడేంటి అనిపిస్తుంది. కమిషనర్ కాదండీ, మన లెక్కలో ఇన్‌స్పెక్టర్ అనుకోండి, సరిపోతుంది.

జర్మన్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి నేను టాటోర్ట్ అస్సలు చెప్పను, 'జోకో' చెప్తాను. స్పెల్లింగ్ చూసి మనవాళ్లు సోకో అంటారు, పలికేది మాత్రం జోకో. ప్రత్యేక దర్యాప్తు బృందం అనే పొడుగాటి మాటకి పొట్టి రూపం అది, మన సిట్ లాంటిది. జెడ్‌డీఎఫ్ చానల్‌లో 1978లో మ్యూనిక్ కథలతో మొదలైంది, ఆ తర్వాత లైప్‌జిగ్, కొలోన్, విస్మార్, స్టుట్‌గార్ట్ అంటూ బ్రాంచీలు పెట్టుకుంటూ పోయారు, మన ఊళ్లో బిర్యానీ సెంటర్లు పెట్టినట్టు. చాలావరకు సాయంత్రం ఆరింటికి వస్తాయి, ముప్పావు గంట. మూడో నిమిషానికి శవం, పదో నిమిషానికి భార్య మీద అనుమానం, ఇరవయ్యో నిమిషానికి బిజినెస్ పార్టనర్ మీద, నలభయ్యో నిమిషంలో ఎవరూ పట్టించుకోని ఆ మొహమాటపు పక్కింటాయన. గొప్ప కళేం కాదు, కానీ భాష నేర్చుకునేవాడికి వరం, ఎందుకంటే రోజూ అవే వాక్యాలు వినిపిస్తాయి. 'వో వారెన్ జీ గెస్టర్న్ ఆబెంట్?' అంటే నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు. 'హాటె ఎర్ ఫైండె?' అంటే అతనికి శత్రువులెవరైనా ఉండేవాళ్లా. ఇవి భాష క్లాసులో ఎవరూ నేర్పరు. నవ్వుకుంటారేమో గానీ, మా బిల్డింగ్ కింద తాళం వేసిన నా సైకిల్ పోయినప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి నాకు అక్కరకొచ్చినవి ఈ మాటలే. ఫిర్యాదుని 'ఆన్‌త్సైగె' అంటారని, ఎప్పుడు చూశాను, ఎప్పటికి లేదు అన్నది భూతకాలంలో ఎలా చెప్పాలో అప్పటికే చెవిలో నాటుకుపోయింది. కౌంటర్‌లో ఆవిడ, జర్మన్ బాగానే మాట్లాడుతున్నారే అంది. సైకిల్ మాత్రం దొరకలేదు.

జోకోల్లో ఒక్కటే చూస్తానంటే లైప్‌జిగ్‌ది చూడండి. 2001లో మొదలైంది, సాయంత్రం ఆరింటి గుంపులో కాకుండా శుక్రవారం రాత్రి వస్తుంది, కాబట్టి కథలు కొంచెం బరువుగా ఉంటాయి, మాటలు మాత్రం స్పష్టంగానే ఉంటాయి.

భాషతో పని లేదు, ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు చాపుకుని చూడాలి అంటే 'అలార్మ్ ఫ్యూర్ కోబ్రా 11'. ఆర్‌టీఎల్ అనే ప్రైవేట్ చానల్‌లో 1996 మార్చిలో మొదలైంది, ఆటోబాన్ అనే జర్మన్ హైవేల మీద గస్తీ తిరిగే పోలీసుల కథ, కోబ్రా 11 అనేది వాళ్ల వైర్‌లెస్ పిలుపు. మన మాస్ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచినట్టు ఇందులో బీఎండబ్ల్యూలు లేస్తాయి, లారీ తిరగబడుతుంది, పెట్రోల్ ట్యాంకర్ పేలుతుంది, హీరో జాకెట్‌కి మట్టి కూడా అంటదు. ఎర్దోవాన్ అతలాయ్ చేసిన సెమీర్ పాత్ర మొదటి ఏడాది నుంచీ ఉంది, పక్కన పార్టనర్లు మారుతూ పోయారు. అప్పట్లో ఒక జర్మన్ సిరీస్‌కి టర్కీ మూలాలున్న హీరో అంటే చిన్న విషయం కాదు. రెండు మూడు ఎపిసోడ్లు చూస్తే సరిపోతుంది, అన్నీ చూసినట్టే.

ఇక డెరిక్. జర్మన్ పోలీస్ సిరీస్ అని మీ పై తరం వాళ్లతో అంటే ముందు వచ్చే పేరు ఇదే అవుతుంది, ఎందుకంటే 1974 నుంచి 1998 వరకు 281 ఎపిసోడ్లు నడిచి, వందకు పైగా దేశాలకు అమ్ముడుపోయింది. ఆ 281 కథలూ రాసింది ఒక్క మనిషే, హెర్బర్ట్ రైనెకర్. మ్యూనిక్ శివార్లలో పెద్ద పెద్ద బంగళాలు, లెదర్ సోఫాలు, చేతిలో గ్లాసు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసే డబ్బున్నవాళ్లు, వాళ్ల ముందు చేతులు జేబులో పెట్టుకుని నెమ్మదిగా నిలబడే డెరిక్, ఇంతే. సీఐడీలో దయా చేత తలుపు పగలగొట్టించడం ఎంత ఫేమస్సో, ఇక్కడ డెరిక్ తన అసిస్టెంట్‌తో అనే 'హారీ, వెళ్లి కారు తీసుకురా' డైలాగ్ అంత ఫేమస్, కాకపోతే తమాషా ఏంటంటే జనం చెప్పుకునే మాటల్లో ఆ డైలాగ్ ఆ సిరీస్‌లో ఎక్కడా లేదట. డెరిక్ వేషం వేసిన హోర్స్ట్ టాపెర్ట్ యుద్ధకాలంలో నాజీల వాఫెన్ ఎస్ఎస్ అనే సాయుధ దళంలో ఉన్నాడని, అతను చనిపోయాక, 2013లో బయటపడింది. జెడ్‌డీఎఫ్ పాత ఎపిసోడ్లు మళ్లీ వేయడం మానేసింది. ఇది తెలిశాక చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను అయితే రెండు చూశాను, మ్యూజియంకి వెళ్లొచ్చినట్టు అనిపించింది, మూడోది పెట్టలేదు.

అదే పాతకాలపు నెమ్మది కావాలంటే డెరిక్ బదులు 'డేర్ ఆల్టె' పెట్టుకోవడం మేలు. ముసలాయన అని అర్థం. 1977 నుంచి ఇప్పటికీ వస్తూనే ఉంది, ముసలాయనలు మాత్రం మారుతున్నారు, మొదటివాడు జీగ్‌ఫ్రీడ్ లోవిట్స్, తర్వాత రోల్ఫ్ షింప్ఫ్ ఇరవయ్యేళ్లకి పైగా చేశాడు. 1986 నుంచి 1997 వరకు ఆ జట్టులో హెన్రీ జాన్సన్ అనే నల్లజాతి డిటెక్టివ్ ఉండేవాడు, జర్మన్ టీవీలో అలాంటి పాత్ర అదే మొదటిది, ఆ నటుడు చార్లెస్ హ్యూబర్ తర్వాత పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు. ఎనభైల్లో దూరదర్శన్‌లో టెలీమ్యాచ్ అనే జర్మన్ ఆటల షో చూసిన తరం ఉంటే వాళ్లకి ఈ ముసలాయన కూడా తెలిసే ఉంటాడు, ఇంగ్లీషులో 'ది ఓల్డ్ ఫాక్స్' పేరుతో వచ్చింది. మా నాన్నకి వీడియో కాల్‌లో ఒక పాత ఎపిసోడ్ చూపిస్తే, "ఈయన మన దూరదర్శన్ ఆయనే కదరా!" అని మా అమ్మని కేకేశాడు. ఇంట్లో పెద్దవాళ్లు మూడు నెలల వీసా మీద వచ్చి పగలంతా ఏం తోచక కూర్చుంటే ఇదొక దారి.

ఇప్పుడు అసలు సరుకుకి వద్దాం. టాటోర్ట్ ఎందుకు అంత పెద్దదో తెలియాలంటే ఒక్క ఆదివారం రాత్రి ఇక్కడ ఉండాలి. మాగ్డెబుర్గ్‌లో నేను మొదట ఉన్న ఫ్లాట్‌లో నలుగురం. ఎనిమిదింటికి 'టాగెస్‌షౌ' వార్తలు మొదలవుతాయి, సరిగ్గా పావుగంట, ఆ పావుగంటలో ఒకడు బ్రెడ్డు కోసేవాడు, ఒకమ్మాయి చీజూ ఊరబెట్టిన దోసకాయలూ బల్ల మీద సర్దేది, నేను మాత్రం నా పెరుగన్నం గిన్నె పట్టుకుని సోఫా మూలకి చేరేవాణ్ణి. వాతావరణం మ్యాప్ అయిపోగానే తెర మీద రెండు కళ్లు, వాటి మీద గురిపెట్టిన అడ్డం నిలువు గీతలు, తడి రోడ్డు మీద పరిగెత్తే కాళ్లు. అంతే, ఇక ఎవరూ మాట్లాడరు. మొదటి వారం తెలియక మధ్యలో ఇతనెవరు అని అడిగితే ముగ్గురూ ఒకేసారి 'ష్' అన్నారు. ఆ టైటిల్ 1970 నుంచి దాదాపు అలాగే ఉంది. ఆ కళ్లూ కాళ్లూ హోర్స్ట్ లెట్టెన్‌మాయర్ అనే నటుడివి, అప్పట్లో అతనికి ఇచ్చింది 400 మార్కులు (యూరోకి ముందు జర్మన్ డబ్బు), ఒక్కసారే. మ్యూజిక్ క్లౌస్ డోల్డింగర్‌ది, అందులో డ్రమ్స్ వాయించింది తర్వాత పెద్ద రాక్ స్టార్ అయిన ఊడో లిండెన్‌బెర్గ్. బార్లలో కూడా పెద్ద తెర పెట్టి వేస్తారు, హంతకుడెవరో ముందే పందేలు కట్టుకుంటారు. సోమవారం ఆఫీసులో మొదటి మాట అదే, మన దగ్గర క్రికెట్ మ్యాచ్ మర్నాడు ఉన్నట్టు.

ఊళ్ల సంగతి. కొత్తవాళ్లకి అందరూ మ్యూన్‌స్టర్ చెప్తారు. నేను చెప్పను, కనీసం మొదటిది చెప్పను. 2002 నుంచి వస్తున్న జట్టు ఇది, చిందరవందర జుట్టుతో సైకిల్ తొక్కే కొమిసార్ టీల్, అతని పక్కింట్లోనే ఉండే పోస్ట్‌మార్టం ప్రొఫెసర్ బోర్నె, మహా డాబు మనిషి, ఖరీదైన కార్లూ ఖరీదైన వైనూ. ఇద్దరికీ క్షణం పడదు, ఒకర్నొకరు వదిలిపెట్టనూ లేరు. టీల్ వాళ్ల నాన్న టాక్సీ నడుపుతూ గంజాయి కొట్టే పాత హిప్పీ. 2017 ఏప్రిల్‌లో వచ్చిన ఒక మ్యూన్‌స్టర్ ఎపిసోడ్‌ని కోటీ నలభై లక్షల మందికి పైగా చూశారు, ఎనిమిది కోట్ల చిల్లర జనాభా ఉన్న దేశంలో. సమస్య ఏంటంటే ఇది సగం కామెడీ, ఆ కామెడీ మొత్తం మాటల్లో ఉంది. సబ్‌టైటిల్ చదివి నవ్వేలోపు తర్వాతి జోకు వెళ్లిపోతుంది. బ్రహ్మానందం సీన్‌ని ఎవరో ఇంగ్లీషులో వివరిస్తుంటే చూసినట్టు ఉంటుంది. ఒక ఏడాది ఇక్కడ ఉన్నాక చూడండి, పొట్ట చెక్కలవుతుంది. ఇంకో సంగతి, మ్యూన్‌స్టర్ అందాలు చూద్దామని పెట్టుకుంటే, షూటింగ్ ఎక్కువ భాగం జరిగేది కొలోన్ చుట్టుపక్కల.

మొదటిది కొలోన్ చూడండి. 1997లో మొదలైన జోడీ, బల్లౌఫ్, షెంక్. ఒకడు పెళ్లి లేని ఒంటరి, ఇంకొకడు పాత పెద్ద కార్ల పిచ్చి ఉన్న భారీ కాయం సంసారి. కథలన్నీ మనం రోజూ ఎక్కడో అక్కడ తాకే విషయాలు, పార్సిల్ డెలివరీ చేసేవాళ్ల బతుకు, ముసలివాళ్ల సంరక్షణ, అద్దె ఇళ్ల గొడవలు, కాగితాలు లేని వలసవాళ్లు. హత్య ఒక వంక, దాని వెనక ఆ వీధి ఎలా బతుకుతోందో చూపించడం అసలు పని. కేసు అయ్యాక ఇద్దరూ రైన్ నది ఒడ్డున ఒక సాసేజ్ బండి దగ్గర నిలబడతారు, కాగితం ప్లేట్‌లో కర్రీవుర్స్ట్, చేతిలో బీరు, నది అవతల కొలోన్ కథెడ్రల్ జంట గోపురాలు. ఇద్దరూ కేసు గురించి ఏదో అంటారు, లేదా ఏమీ అనరు. మన ట్యాంక్‌బండ్ మీద మిర్చి బజ్జీలు తింటూ ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడితే ఎంత సొంతంగా అనిపిస్తుందో అంత సొంతంగా ఉంటుంది. 1998లో 'మనీలా' అనే ఎపిసోడ్ ఫిలిప్పీన్స్‌లో తీశారు, పిల్లల మీద అత్యాచారాల కథ, అక్కడ చూసింది తట్టుకోలేక నటులూ యూనిట్ వాళ్లూ కలిసి వీధి పిల్లలకి సాయం చేసే సంఘం పెట్టారు. ఆ ఒక్కటీ చూసే ముందు మనసు గట్టి చేసుకోండి.

మ్యూనిక్ జోడీ బాటిచ్, లైట్‌మాయర్ ఇంకా పాతవాళ్లు, 1991లో మొదలుపెట్టారు, నల్ల జుట్టుతో వచ్చి తెల్ల జుట్టుతో మిగిలారు, నూరు కేసులతో సెలవు తీసుకుంటామని ముందే ప్రకటించారు. కొలోన్ నచ్చితే ఇది కూడా కళ్లు మూసుకుని చూడొచ్చు, ఇంకాస్త వ్యంగ్యం ఎక్కువ. వియన్నా వాళ్లది చాలా ఇష్టం నాకు, ఐస్నర్, అతని పక్కన తాగుడు మానేసిన బీబీ ఫెల్నర్, కానీ ఆస్ట్రియా యాస వల్ల జర్మన్లే సబ్‌టైటిల్ పెట్టుకుంటారు, కాబట్టి తర్వాత చూద్దురుగాని. స్విస్‌వి ఇంకో గొడవ, అక్కడి భాషలో తీసినదాన్ని జర్మనీలో ప్రామాణిక జర్మన్‌లోకి డబ్ చేసి వేస్తారు, పెదాలు ఒకటంటే మాట ఇంకోటి వినిపిస్తుంది. మన డబ్బింగ్ సీరియల్స్‌కి అలవాటుపడ్డ మనకి అదేం పెద్ద ఇబ్బంది కాదనుకోండి.

ప్రయోగాలు ఇష్టమైతే వీస్‌బాడెన్‌లో ఉండే కొమిసార్ మూరోట్‌ది. ఆ పేరే ఒక ఆట, ట్యూమర్ (Tumor) అనే మాట అక్షరాలు అటూ ఇటూ మార్చి పేరిస్తే మూరోట్ (Murot) వస్తుంది, మొదట్లో అతని తలలో కణితి ఉంటుంది, దానికి అతను పేరు కూడా పెట్టుకుంటాడు. 2014లో వచ్చిన 'ఇమ్ ష్మెర్త్స్ గెబోరెన్'లో శవాలు నలభై దాటాయి, పోలీస్ కథ మొదలై కౌబాయ్ సినిమాగా మారి విషాద నాటకంలా ముగుస్తుంది. 2019లో ఇంకోటి, ఒక బ్యాంకులో బందీల ఘటన, మూరోట్ చచ్చిపోతాడు, పొద్దున్నే మళ్లీ అదే మంచం మీద లేస్తాడు, అదే రోజు మళ్లీ మొదలు. ఇవి వచ్చిన మర్నాడు జర్మనీలో సగంమంది చానల్‌ని తిడతారు, సగంమంది ఇదిరా సినిమా అంటారు. టాటోర్ట్ అంటే ఇదే అనుకుని మాత్రం వీటితో మొదలుపెట్టకండి.

పాతవాటిలో ఒక్కటే చూస్తాను అంటే షిమాన్‌స్కీ. నటుడు గోట్స్ గేయోర్గె, ఊరు డ్యూస్‌బుర్గ్, 1981 నుంచి 1991. అంతవరకు టీవీ పోలీసులు కోటూ టై వేసుకుని మర్యాదగా మాట్లాడేవాళ్లు. మొదటి ఎపిసోడ్‌లో ఇతను చెత్తచెత్తగా ఉన్న వంటింట్లో నిలబడి, పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగేస్తాడు, మీద ఆ మాసిన లేతరంగు మిలిటరీ జాకెట్, నోరు తెరిస్తే బూతు. పెద్దలు గగ్గోలు పెట్టారు, ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లలో జనం వీడు మావాడు అన్నారు. వెనకాల కనిపించే ఫ్యాక్టరీ పొగగొట్టాలూ రేవూ చూస్తుంటే నాకు విశాఖ గాజువాక వైపు ఆకాశం గుర్తొస్తుంది.

ఇప్పుడు నా అసలు పక్షపాతం చెప్పేస్తాను. టాటోర్ట్ కన్నా నాకు 'పోలిత్సైరూఫ్ 110' ఎక్కువ. 110 అంటే ఇక్కడ పోలీసులకి ఫోన్ చేసే నంబరు, మన 100 లాగా. పశ్చిమ జర్మనీలో టాటోర్ట్ వచ్చిన ఏడు నెలలకే, 1971 జూన్ 27న, తూర్పు జర్మనీ టీవీ దీన్ని పోటీగా దించింది, అవతలి టీవీ సంకేతాలు ఇటు కూడా అందేవి కదా, జనం అటు చూడకుండా ఇటు చూడాలని. చిక్కేంటంటే, సోషలిస్టు సమాజంలో నేరాలు తగ్గిపోతాయని ప్రభుత్వం చెప్తుంటే పదేపదే హత్యలు ఎలా చూపిస్తారు? అందుకని ఇందులో హత్యలు తక్కువ, దొంగతనాలు, మోసాలు, తాగి పెళ్లాన్ని కొట్టేవాడు, దారితప్పిన పిల్లలు. దానివల్ల అనుకోకుండా మంచే జరిగింది, మామూలు మనుషుల ఇళ్లు, వంటగదులు, క్యూలు, ఫ్యాక్టరీ క్యాంటీన్లు అన్నీ ఆ ఫ్రేముల్లో మిగిలిపోయాయి. పోలీసులు ఒకర్నొకరు 'గెనోస్సె' అని పిలుచుకుంటారు, కామ్రేడ్ అన్నమాట, మా తాతయ్య వింటే లేచి నిలబడేవాడు. మొదటి జట్టులోనే వేరా ఆర్న్‌ట్ అనే లెఫ్టినెంట్ ఉంది, అప్పటికి పశ్చిమ జర్మనీ సిరీస్‌లలో ఆడ ఇన్‌స్పెక్టరే లేదు. బెర్లిన్ గోడ కూలాక దేశమే పోయింది, ఈ సిరీస్ పోలేదు, ఇప్పుడు టాటోర్ట్ వంతుల మధ్యలో అదే ఆదివారం స్లాట్‌లో వస్తుంది. 1990 అక్టోబర్‌లో రెండు జర్మనీలు కలిసిన నెలలోనే షిమాన్‌స్కీనీ తూర్పు జర్మనీ కొమిసార్ ఫుక్స్‌నీ ఒకే కథలో కలిపారు, 'ఉంటర్ బ్రూడర్న్', అన్నదమ్ముల మధ్య అని. కథ సాదాసీదా, కానీ ఆ ఇద్దరూ ఒకర్నొకరు పైనుంచి కిందకి చూసుకునే చూపు కోసం చూడొచ్చు.

ఇప్పటి పోలిత్సైరూఫ్‌లలో రోస్టాక్ జట్టుది పట్టుకోండి, 2010 నుంచి 2022 వరకు బుకోవ్, క్యోనిగ్. ఇది మాత్రం వరసగానే చూడాలి. బుకోవ్ వాళ్ల నాన్నది నేరస్తుల ప్రపంచం, తనేమో పోలీసు, ఇతని మీద కన్నేసి ఉంచే పని పెట్టుకుని వస్తుంది క్యోనిగ్. అక్కడి నుంచి పన్నెండేళ్లు ఆ ఇద్దరి మధ్య ఏం నడుస్తుందో చెప్పను, చెప్తే మజా పోతుంది. టాటోర్ట్‌లో చాలావరకు కేసు ముగిస్తే కథ ముగిసినట్టే, ఇక్కడ పోయిన ఎపిసోడ్‌లో చేసిన తప్పు వచ్చే ఏడాది గొంతు పట్టుకుంటుంది. వెబ్ సిరీస్‌లకి అలవాటుపడ్డవాళ్లకి ఇదే నచ్చుతుంది, పందెం. మా మాగ్డెబుర్గ్‌కీ ఒక జట్టు ఉంది, బ్రాష్ అనే ఒంటరి, కటువైన మనిషి, క్లౌడియా మిషెల్సెన్ చేస్తుంది, 2013 నుంచి. కథలు మరీ చీకటి. అయినా మన ఊరి ఎల్బె నది టీవీలో కనిపిస్తే ఆ ఆనందం వేరు, ఆ ఊళ్లో సొంతంగా బతికింది నాలుగేళ్లే అయినా.

సబ్‌టైటిల్ గురించి ఒక్క మాట, ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. జర్మన్‌లో 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ రెండింటినీ ఒకే మాట కింద తొక్కేస్తుంది, ఇంగ్లీషులో ఆలోచించేవాడికి ఆ తేడా తెలియనే తెలియదు, మనకి మాత్రం చెవిన పడగానే ఒళ్లు జలదరిస్తుంది. మన పోలీస్ స్టేషన్ సీన్లలో ఎస్సై లోపలికి రాగానే 'ఏరా' అంటాడు, ఇక్కడ హంతకుడని తేలిపోయాక కూడా 'మీరు' అనే సంకెళ్లు వేస్తారు. కొలోన్ జోడీ ఒకర్నొకరు నువ్వు అనుకుంటారు. మ్యూన్‌స్టర్‌లో టీల్, బోర్నె ఇరవయ్యేళ్లుగా పక్క పక్క ఇళ్లలో ఉండి, కలిసి తాగి, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుని కూడా ఇంకా మీరు అనే అనుకుంటారు, సగం జోకు అక్కడే ఉంది. విచారణ గదిలో చనిపోయినవాడి తల్లి ఒక్కసారిగా అనుమానితుణ్ణి 'డూ' అంటే, వాడు ఆవిడకి ముందే తెలుసన్నమాట! ఆ క్లూ సబ్‌టైటిల్‌లో దొరకదు. అందుకే వీలైతే ఇంగ్లీషు సబ్‌టైటిల్ కాకుండా జర్మన్ సబ్‌టైటిలే పెట్టుకోమంటాను, రెండో వారం నుంచి కళ్లు అలవాటుపడతాయి.

పిల్లలతో కలిసి చూడాలంటే వీటిలో చాలావరకు పనికిరావు, టాటోర్ట్‌లో పోస్ట్‌మార్టం బల్ల చాలా దగ్గర్నుంచి చూపిస్తారు. హాంబుర్గ్ యూనిఫారం పోలీసుల 'గ్రోస్‌ష్టాట్‌రెవీర్' పెట్టండి, 1986 నుంచి వస్తోంది, పోయిన కుక్కపిల్ల, రేవు దగ్గర చిల్లర మోసం, అద్దె ఎగ్గొట్టినవాడు, ఇలాంటివి. లేదా ఆస్ట్రియా వాళ్ల 'కొమిసార్ రెక్స్', పోలీసు కుక్క హీరో, పోలీసుల చేతిలోంచి సాసేజ్ బన్ను కొట్టేస్తూ ఉంటుంది, మా అక్క కూతురు భాష ఒక్క ముక్క రాకుండా రెండు సీజన్లు చూసేసింది.

ఎక్కడ చూడాలి అంటే, జర్మనీలో ఉన్నవాళ్లు డబ్బు ఎలాగూ కట్టేస్తున్నారు. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింత అని కట్టే ప్రసార రుసుము, 2021లో నెలకు 18.36 యూరోలు అయింది, వచ్చిన కొత్తలో ఆ ఉత్తరం చూసి మోసమనుకుని చెత్తబుట్టలో పడేసేవాళ్లు మనవాళ్లలో ఇప్పటికీ ఉన్నారు, అలా చేయకండి, తర్వాత బాకీ మొత్తం కలిపి వసూలు చేస్తారు. ఫ్లాట్‌లో నలుగురుంటే ఒక్కరు కడితే చాలు, మిగతావాళ్లు పంచుకోవచ్చు. టాటోర్ట్, పోలిత్సైరూఫ్ ఏఆర్‌డీ మెడియాటెక్ అనే యాప్‌లో, జోకో, డేర్ ఆల్టె జెడ్‌డీఎఫ్ వాళ్ల దాంట్లో ఉచితం, కోబ్రా 11 మాత్రం ఆర్‌టీఎల్ ప్లస్‌లో. మధ్యాహ్నం పెట్టుకుంటే ప్లే కాకపోతే యాప్ చెడిపోయిందని తీసేయకండి, పన్నెండేళ్లు దాటినవాళ్లకి అని ముద్ర ఉన్నవి రాత్రి ఎనిమిది తర్వాతే తెరుచుకుంటాయి, పదహారు ముద్ర ఉన్నవి పదింటి తర్వాత, అకౌంట్ తెరిచి వయసు రుజువు చేసుకుంటే ఆ గొడవ ఉండదు. అమెరికా, కెనడాలో ఉన్నవాళ్లకి ఎంహెచ్‌జెడ్ చాయిస్ అనే స్ట్రీమింగ్ సైట్‌లో ఇంగ్లీషు సబ్‌టైటిల్‌తో కొన్ని ఊళ్ల టాటోర్ట్‌లు దొరుకుతాయి. ఇక వేసవిలో ఆదివారాలు కొత్తవి రావు, పాతవే వేస్తారు, జర్మన్లు విసుక్కుంటారు గానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అదే మంచి సమయం. మా తమ్ముడికి కొలోన్‌వి రెండు, రోస్టాక్ మొదటిది రాసిచ్చాను. మ్యూన్‌స్టర్ ఎందుకు రాయలేదని వాడి ఫ్లాట్‌వాళ్లు నా మీద ఇంకా గుర్రుగానే ఉన్నారు.